ఆత్మాభివృద్ధియు లోకహితమును – గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పు సాక్ష్యము

తాను బాగుపడవలెనను కోరిక ప్రతి మనుష్యునకును సహజము. విద్య సంపాదింపవలెను, చేయు పనిలో నేర్పు పొందవలెను, నలుగురిలో తలయెత్తుకొని నడువవలెను, తన బిడ్డలు తనకంటె మంచి స్థితిలో నుండవలెను అని కోరనివాడు లోకమున నరుదు. ఇరుగుపొరుగువారికి ఏదో మేలు చేయవలెనను బుద్ధియు మంచివారి హృదయములలో నుండునదే. అయినను ఈ రెండును ఒకదానికొకటి పగయని తలచువారు పెక్కురు కలరు. "ముందు నేను పైకి వచ్చెదను, తరువాత ఊరి సంగతి చూచెదను" అని కొందరందురు. "పరోపకారమునకు దిగినవాడు తన యింటి దీపము ఆర్పుకొనవలసినదే" అని మరికొందరందురు. మొదటివాని 'తరువాత' ఎన్నటికిని రాదు. రెండవవాని మాట విన్నవాడు సేవ యనగానే భయపడి దూరముగా తొలగును. ఊరికి నష్టము రెండు విధములను కలుగుచున్నది.

ఈ విషయమును ధర్మశాస్త్ర వాక్యములతో చర్చింపవచ్చును. కాని గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వ్రాయునపుడు గ్రంథాలయముల చరిత్రనే సాక్ష్యమునకు పిలుచుట ఉచితము. ఏలయన తెలుగునాట గ్రంథాలయోద్యమమును నడిపినవారిలో పెక్కురు మొదట తమ చదువు కొరకు తాము పాటుపడినవారే. వారి విద్యాదాహమెట్లు ఊరి బావియైనదో తెలిసికొన్నచో, పైన చెప్పిన రెండు వాదములలోని లోపము మనకు గోచరించును.

నాటి స్థితి

క్రీస్తుశకము 1900 ప్రాంతమున మన దేశస్థితిని ఒకసారి తలంపునకు తెచ్చుకొందము. నాడు తెలుగు జిల్లాలలో నూటికి పదిమందికైనను అక్షరజ్ఞానము లేదు. కోస్తా జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలో నుండెను. తెలంగాణము నిజాము ప్రభుత్వము క్రింద నుండెను. ఒకచోట ఇంగ్లీషు, మరియొకచోట ఉర్దూ రాజభాషలు. ఉద్యోగము కోరినవాడు ఆ భాషలను నేర్చుకొనెను. తెలుగులో చరిత్రగాని, ప్రకృతిశాస్త్రముగాని, ఆరోగ్యశాస్త్రముగాని చదువగోరువానికి పుస్తకములే లేవు. ఉన్న కొలది గ్రంథములును పండితుల యిండ్లలో పెట్టెలలో నుండెను. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయము వెలసినను, అట్టివి వ్రేళ్లమీద లెక్కింపదగినవి మాత్రమే. స్త్రీలకు చదువేల యను ప్రశ్న నాడు ప్రతి యింటను వినబడుచుండెను.

అట్టి కాలమున ఒక యింటిలో అక్కయు తమ్ముడును కలసి చదువుకొనిరి. మన కథ అక్కడ ప్రారంభమగుచున్నది.

అక్కయు తమ్ముడును

భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణాజిల్లాలో జన్మించిరి. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1877లో పెనుగంచిప్రోలులో జన్మించిరి. తండ్రి చిన్ననాడే గతించెను. నాటి ఆచారమును బట్టి అచ్చమాంబగారికి బాల్యముననే వివాహమయ్యెను. భర్త మధ్యపరగణాలలో ఉద్యోగి. తల్లియు తమ్ముడును ఆ యింటనే చేరి యుండిరి. అచ్చమాంబగారికి బడిచదువు లేదు. తమ్ముడు బడిలో చదివిన చదువును ఇంటికి తెచ్చి అక్కకు నేర్పెను. ఆమె తెలుగును హిందీని నేర్చుకొనిరి. ఆ ప్రాంతపు భాషయైన మరాఠీయు ఆమెకు పట్టుపడెను.

తమ్ముడు అక్కకు పాఠము చెప్పుటలో తన పాఠమును తానే మరల చదువుకొనెను. ఇతరులకు చెప్పినగాని చదివినది స్థిరపడదని పంతులుద్యోగము చేసిన ప్రతివారికిని తెలియును. ఆ యింటిలో ఇచ్చినవానికిని పుచ్చుకొన్నదానికిని ఒకే పాఠమున లాభము కలిగెను.

అచ్చమాంబగారు బిడ్డలను కోల్పోయి పుత్రశోకము ననుభవించిరి. ఆ దుఃఖములో ఆమెకు చదువే తోడయ్యెను. ఆమె ఆ తోడును తనకే దాచుకొనలేదు. స్త్రీలు సహజముగా బుద్ధిహీనలనియు, చదివినచో చెడిపోవుదురనియు చెప్పువారికి సమాధానముగా, ఆమె దేశచరిత్రలోని విదుషీమణుల, వీరవనితల జీవితములను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను గ్రంథమును రచించిరి. అది 1901లో వెలువడెను. తెలుగులో స్త్రీల చరిత్రమును ఒక స్త్రీ పూనుకొని వ్రాయుట నాటికి క్రొత్త సంగతి. 1902లో ఆమె వ్రాసిన "ధనత్రయోదశి" యను కథ హిందూ సుందరీ పత్రికలో ప్రకటితమయ్యెను. ఆ సంవత్సరముననే మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించి, ఊరూర తిరిగి స్త్రీలకు సమాజముల ఆవశ్యకతను బోధించిరి. దిక్కులేని పిల్లలను చేరదీసి విద్య చెప్పించిరి. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమున, ఆమె పరమపదించిరి. ఆమెకు బడి లేకపోయినను, ఆమె గ్రంథము ఎందరో స్త్రీలకు బడియైనది.

విద్వాంసుడు గ్రంథాలయము స్థాపించుట

తమ్ముని సంగతి చూతము. లక్ష్మణరావు పంతులుగారు నాగపురమున చదివి 1900లో కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. మరాఠీలో పండితుల మెప్పు పొందిన వ్యాసములు వ్రాసిరి. తమ అభివృద్ధిని మాత్రమే చూచుకొన్నచో ఆ భాషలోనే కీర్తి సంపాదించి యుండవచ్చును. కాని ఇంగ్లీషునను మరాఠీయందును తాము చదివిన శాస్త్రములు తెలుగువానికి దొరకవను చింత వారిని బాధించెను. వారు మునగాల సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావుగారి కడ ఉద్యోగమున చేరి, దివానుగా నుండి, ఆ జమీందారు ఉదారబుద్ధిని గ్రంథాలయముల వైపు మరల్చిరి.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపితమయ్యెను. రావిచెట్టు రంగారావుగారి యింటిలో ఆ శుభకార్యము జరిగెను. నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగార్లు దానికి మూలస్తంభములు. ఒకరికి సంస్థానమున్నది, ఒకరికి ఇల్లున్నది, ఒకరికి విద్యయున్నది. ఎవరికున్నదానిని వారు తెచ్చి కలిపిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము, 1905లో సికిందరాబాదునందు ఆంధ్రసంవర్ధినీ గ్రంథాలయము వెలసినవి. తెలుగు బడులు కరవైన ఆ రాజ్యమున ఈ నిలయములు బడులుగాను, సభామందిరములుగాను, తెలుగువారికి కూడలిగాను పనిచేసినవి.

బీరువాలు చేయించినంత మాత్రమున గ్రంథాలయము కాదు. వానిలో పెట్టుటకు పుస్తకములు కావలెను. తెలుగులో అట్టి పుస్తకములు లేవని గ్రహించి, 1906లో లక్ష్మణరావు పంతులుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులతో కలసి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆ మండలి ప్రథమ ప్రకటనము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాం లింకను చరిత్రము. ఎరువు తెచ్చుకొన్న పుస్తకములు చదివి పెద్దవాడై, తన దేశమున బానిసల విమోచనమునకు కారకుడైన వాని కథతో ఆ గ్రంథమాల ఆరంభమగుట మిక్కిలి సముచితము. పిమ్మట దేశచరిత్రలు, రసాయనము, పదార్థవిజ్ఞానము మొదలగు శాస్త్రగ్రంథములు వెలువడినవి. చిలుకూరి వీరభద్రరావుగారి "ఆంధ్రుల చరిత్రము" మొదటి భాగమును 1910లో ఈ మండలియే ప్రకటించెను. తెలుగువాడు తన చరిత్రను తన భాషలో చదువుకొను భాగ్యము ఇట్లు కలిగెను.

అటుపై పంతులుగారు ఇంకను పెద్ద పనికి పూనిరి. సకల విషయములను అకారాది క్రమమున తెలుపు "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము"ను సంకల్పించిరి. పండితులను కూడగట్టి, తామును రాత్రింబవళ్లు శ్రమించి మూడు సంపుటములను తెచ్చిరి. అకారమైనను ముగియకమునుపే, 1923లో, నలువదియారేండ్ల వయసున వారు స్వర్గస్థులైరి. ఆ పని నిలిచిపోయినదని లోకము దుఃఖించెను. కాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తమ తలకెత్తుకొనిరి. వారి తరువాత తెలుగు భాషాసమితి వేరొక ప్రణాళికతో విజ్ఞాన సర్వస్వ సంపుటములను ప్రకటించెను. తన కొరకే ఇల్లు కట్టుకొన్నవాడు గతించినచో గోడలు సగములో నిలిచిపోవును. ఊరి కొరకు కట్టినదానికి మరియొక మేస్త్రి వచ్చును.

ఊరూర గ్రంథాలయము

ఒక్కొక్కచోట వెలసిన గ్రంథాలయములను ఒక త్రాటిపైకి తెచ్చిన ఘనత అయ్యంకి వేంకటరమణయ్యగారిది. తూర్పుగోదావరి జిల్లాలో 1890లో జన్మించిన ఆయన యౌవనముననే పత్రికారచనకు దిగి, గ్రంథాలయసేవయే జీవితకార్యముగా చేసికొనిరి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. ఆ సభయందే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడెను. గ్రంథాలయములకై ప్రత్యేకముగా "గ్రంథాలయ సర్వస్వము" అను పత్రిక నడచెను. 1919 నవంబరు 14వ తేదీన మద్రాసునందు అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగెను. నేటికిని మనము నవంబరు 14 నుండి గ్రంథాలయ వారోత్సవములు జరుపుకొనుట ఆ దినమును పురస్కరించుకొనియే.

ఆ కాలమున పల్లెలలోని యువకులు ఈ పిలుపు నందుకొన్నతీరు ఆశ్చర్యకరము. చేనేతకు పేరువడ్డ వేటపాలెమున 1918లో యువజనులు తమకొక సంఘముండవలెనని కూడిరి. వారి సంఘమే సారస్వత నికేతనమయ్యెను. 1929లో గాంధీమహాత్ముడు అచ్చటి భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆ యువకులు కూర్చి భద్రపరచిన పాత పత్రికల సంపుటములను వెదకుకొనుచు దూరదేశముల నుండియు పరిశోధకులు ఆ యూరికి వచ్చుచున్నారు. నూరేండ్ల క్రిందట తాము చదువుకొనుటకు తెప్పించుకొన్న పత్రికను చింపివేయక దాచియుంచిన చేతులకు ఈ పరిశోధకులందరును ఋణపడియున్నారు.

చెరసాల నుండి రాత్రిబడికి

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలులో జన్మించిరి. పేదరికముతో పోరాడి ఎం.ఏ. వరకు చదివిరి. ఆ చదువుతో సర్కారు కొలువు సులభముగా లభించియుండెడిది. కాని రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా వందేమాతరోద్యమమున పాల్గొని కళాశాల నుండి బహిష్కృతులైరి. 1908లో బెజవాడలో స్వరాజ్య పత్రికను నడుపుచు, ఆంగ్లప్రభుత్వమును క్రూరమైన పులితో పోల్చిన వ్యాసమునకుగాను మూడేండ్ల కఠినశిక్ష ననుభవించిరి.

చెర నుండి వెలువడినవాడు తన కష్టమునకు ప్రతిఫలమేదని అడుగుట లోకరీతి. ఆయన వేరొక ప్రశ్న వేసికొనిరి. పత్రిక వ్రాసినను చదువలేనివాడు దేశమున నూటికి తొంబదిమంది యుండగా ఆ వ్రాత ఎవరికి? ఆ ప్రశ్నయే వారిని గ్రంథాలయములకును వయోజన విద్యకును చేర్చెను. చిరకాలము ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులుగా నుండి, పగలు పొలమున శ్రమించినవాడు రాత్రి దీపము ముందు అక్షరము దిద్దుకొనుటకు తగు పుస్తకములు, పద్ధతులు సిద్ధపరచుటలో తమ పాండిత్యమును వినియోగించిరి. 1960లో పరమపదించువరకు ఆ పనిని విడువలేదు. గొప్ప పండితుడు పెద్దబాలశిక్ష స్థాయికి దిగివచ్చెనని కొందరనుకొని యుండవచ్చును. కఠినవిషయమును నలుబదియేండ్ల కూలివానికి అర్థమగునట్లు నాలుగు మాటలలో చెప్పుటకు ఎంత పాండిత్యము కావలెనో ప్రయత్నించి చూచినవారికే తెలియును. ఆ దిగివచ్చుటయే ఆయన ఎదుగుదల.

కాలువలో పుస్తకముల పడవ

గుంటూరు జిల్లాలో కృష్ణ కాలువలపై నాడు పడవ ప్రయాణములు సాగుచుండెడివి. పడవ మెల్లగా సాగును. ప్రయాణికునకు కాలము గడవదు. పాతూరి నాగభూషణంగారు ఆ కాలమును సద్వినియోగము చేయ నెంచిరి. తెనాలి ప్రాంతములోని పెదపాలెము గ్రామము కేంద్రముగా గ్రంథాలయసేవ చేయుచుండిన ఆయన, 1935లో పెదవడ్లపూడికిని కొల్లిపరకును నడుమ నడచు పడవలలో పుస్తకపు పెట్టెల నుంచి ప్రయాణికులకు చదువ నిచ్చు ఏర్పాటు చేసిరి. గ్రంథాలయమునకు పాఠకుడు రాకున్నచో పాఠకుని కడకే గ్రంథాలయము పోవలెనను సూత్రము ఆ కాలువ నీటిపై ఆచరణలోనికి వచ్చెను. చదివినవాడు పక్కవానికి వినిపించును గనుక ఒక పుస్తకము పడవ అంతటికిని పనికివచ్చుచుండెను. దానికి పెద్ద ధనము పట్టలేదు. వ్యర్థమగుచున్న కాలమును గుర్తించు చూపు పట్టెను, అంతే.

వంటయింటి నుండి పుస్తకాల సంచితో

ఇంతవరకు చెప్పినవారు చదువు సంపాదించుటకు ఏదో ఒక ఆధారమున్నవారని ఎవరైన ననవచ్చును. ఏమియు లేనివాని సంగతి యేమి? దానికి వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము సమాధానము.

ఆయన 1915లో నల్లగొండ జిల్లాలో పేదకుటుంబమున పుట్టిరి. బాల్యముననే తండ్రి పోయెను. పొట్టకూటికై ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు, ఆయన చెప్పగా చదువు నేర్చిరి. బెజవాడలో హోటలు పనియు చేసిరి. దొరికిన కాగితమెల్ల చదివిరి. తరువాత హైదరాబాదునందు గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పని సంపాదించిరి. వంటవాడుగా నున్న బాలుడు అచ్చుకూటములో అక్షరములు సరిదిద్దు స్థితికి వచ్చుట సామాన్యమైన ఎదుగుదల కాదు. అక్కడితో తృప్తిపడి యున్నచో ఎవరును ఆయనను తప్పుపట్టెడివారు కారు.

కాని 1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ముప్పదికి పైగా పుస్తకములను ప్రకటించిరి. వానిని సంచిలో నింపుకొని, భుజమున మోసికొని, తెలంగాణపు పల్లెలలో కాలినడకను తిరిగి అమ్మిరి. సభ పెట్టుటకే అనుమతి కావలసిన రాజ్యమున పుస్తకము మోయుటయు సాహసమే. ప్రజోద్యమములలో పాల్గొని చెరసాలలకు పోయిరి. నిజామాబాదు జైలులో కవి దాశరథిగారును ఆయనయు తోటి ఖైదీలు. పిదప తెలంగాణపు పల్లె జీవితమును చిత్రించిన "ప్రజల మనిషి" నవలను వ్రాసిరి. 1961లో కాలధర్మము నొందిరి.

ఈ జీవితములో ఆత్మాభివృద్ధి యెక్కడ ముగిసినది, లోకసేవ యెక్కడ మొదలైనది? గీత గీచి చూపుట సాధ్యము కాదు. పుస్తకములు అమ్ముటకు ఊళ్లు తిరిగినందుననే ఆయనకు ఆ ఊళ్ల గుండె తెలిసినది. ఊళ్ల గుండె తెలిసినందుననే నవలాకారుడైనాడు. ఇతరులకై మోసిన మూటయే ఆయనకు విద్యాలయమయ్యెను.

ఈ చరిత్ర వలన తెలియునది

పై చరిత్రలను కలిపి చూచినచో మూడు సంగతులు తేటపడుచున్నవి.

మొదటిది. వీరెవ్వరును తమ అభివృద్ధిని అసహ్యించుకొనలేదు. లక్ష్మణరావుగారు ఎం.ఏ. చదువకయే విజ్ఞాన సర్వస్వమును తలపెట్టియుండలేరు. అచ్చమాంబగారు అక్షరములు నేర్వకయే స్త్రీల చరిత్రను వ్రాసియుండలేరు. చేదలో నీరు లేనివాడు ఇతరుల దప్పి తీర్పజాలడు. కావున చదువుకొని పైకి రావలెనను యువకుని చూచి స్వార్థపరుడని నిందించుట అన్యాయము.

రెండవది. వీరెవ్వరును "పూర్తిగా ఎదిగిన పిమ్మట" ఇతరుల కొరకు పనిచేయుదమని వేచియుండలేదు. తమ్ముడు తాను విద్యార్థిగా నున్నప్పుడే అక్కకు గురువయ్యెను. ఆళ్వారుస్వామిగారు సంపన్నులైన తరువాత ప్రచురణకర్త కాలేదు. నేర్చుకొనుటయు పంచుకొనుటయు ఒకే కాలమున సాగినవి. అందువలననే ఒకటి రెండవదానికి బలమిచ్చెను.

మూడవది. ఎవరును ఒంటరిగా పనిచేయలేదు. జమీందారు, గృహస్థు, పండితుడు, పత్రికాకర్త, పడవవాడు ఒక్కొక్కరు ఒక్కొక్క చేయి వేసిరి. ఒక్కడే భారమంతయు మోయబోయినచోట శరీరము సహింపలేదు; లక్ష్మణరావుగారి అకాలమరణము అందులకు తార్కాణము. ఇంటి దీపమును ఆర్పుకొనవలెనను భయమునకు విరుగుడు ఇందే కలదు. పదిమంది తలయొక చెంచాడు నూనె పోసినచో ఏ యింటి దీపమును ఆరదు, వీధి దీపమును వెలుగును.

ఆ పదిమంది చెంచాల నూనెయే నేడు చట్టరూపము దాల్చినది. మద్రాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమంతటికిని 1960లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును చెల్లించు ప్రతి గృహస్థుడును, తాను ఒక్క పుట చదువకపోయినను, ఎవరో ఒకరి చదువునకు సాయపడుచున్నాడు. అయితే చట్టము భవనము నీయగలదు, పుస్తకము నీయగలదు. పుస్తకమును తెరచి ప్రక్కవానికి చదివి వినిపించు మనస్సును ఈయజాలదు. అది మనము తెచ్చి పెట్టవలసినదే.

నేటి మన కర్తవ్యము

నేడు ఏ గ్రంథాలయమునకు పోయినను ఉద్యోగపు పరీక్షలకు చదువు యువతీయువకులే బల్లలచుట్టు ఎక్కువగా కనబడుదురు. కథల పుస్తకములు బీరువాలలో నిద్రించుచున్నవనియు, గ్రంథాలయము పరీక్షల పందిరియైనదనియు పెద్దలు కొందరు విచారింతురు. వారి విచారములో సత్యము లేకపోలేదు. అయినను ఆ యువకులను తరిమివేయుట ఔషధము కాదు. ఇంట చదువుకొనుటకు చోటులేని పిల్లవానికి ఆ బల్లయే ఆధారము. తాము ఎదుగవలెనని వచ్చిన వారే గ్రంథాలయమునకు నిజమైన ధనము. ఆ ధనము ఊరికి వడ్డీ తెచ్చునట్లు చేయుటయే మన పని.

దానికి మహాత్యాగములు అవసరము లేదు. పరీక్షకు చదువు యువకుడు వారమునకు ఒక సాయంకాలము పదవతరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చును; చెప్పిన లెక్క తన పరీక్షలో తప్పడు. ప్రభుత్వ పథకముల దరఖాస్తు చదువలేక దళారికి సొమ్మిచ్చు ముసలమ్మకు ఆ కాగితము చదివి నింపిపెట్టవచ్చును. పాలనాశాస్త్రమున పుస్తకము చెప్పని సంగతులు ఆ కాగితము చెప్పును. కొలువు దొరకి పట్టణము పోవువాడు తన పుస్తకములను పాతకాగితాలవానికి తూకమున కమ్మక, తన గుర్తులతో సహా గ్రంథాలయమున విడిచిపోవచ్చును. చదువురాని తల్లికి కూతురు, కండ్లు మసకబారిన తాతకు మనుమడు దినపత్రిక వినిపింపవచ్చును. చేతిలోని ఫోనున ప్రపంచమంతయు కనబడు ఈ దినములలోను, ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పు మనుష్యుని అవసరము తీరలేదు. గృహిణులు తమ అనుభవములను, రైతులు తమ సేద్యపు కిటుకులను, నేతగాండ్రు, వడ్రంగులు తమ పనితనపు మెలకువలను చెప్పగా వ్రాసి యుంచినచో, వేటపాలెపు పాతపత్రికల వలె అవియు ఒకనాడు అమూల్యములగును.

ఇరువదియైదేండ్లు నిండిన సంస్థ తాను ఎన్ని పుస్తకములు కూర్చితినని లెక్క చూచుకొనుట సహజము. దానితోబాటు మరియొక లెక్కయు చూచుకొనవలెను. మన బల్లమీద చదివి పైకివచ్చినవారిలో ఎందరు తిరిగి మరియొకనికి ఆ బల్లవద్ద చోటు చూపించిరి? ఈ లెక్క పద్దుపుస్తకములో నుండదు గాని, వచ్చు ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము నిలుచునో నిలువదో తేల్చునది అదియే. స్వర్ణోత్సవ సంచిక వ్రాయబోవు బాలుడో బాలికయో నేడు మన గ్రామమున ఏదో ఒక వాకిట అక్షరములు దిద్దుచుండును. ఆ బిడ్డ చేయిపట్టి ఈ ద్వారము దాటించు భాగ్యము మన చందాదారులలో ప్రతి ఒక్కరికిని కలుగుగాక యని ఆకాంక్షించుచు విరమించుచున్నాను.